ఫైల్ సర్వర్లలో కెర్నల్ నవీకరణ: జాప్యమూ తగదు, తొందరపాటూ తగదు

జిల్లా కార్యాలయాల్లో వివిధ విభాగాల సిబ్బంది ఉమ్మడిగా వినియోగించుకొనే దస్త్రాలను భద్రపరచే కంప్యూటరే ఫైల్ సర్వర్. భూసేకరణ పరిహారం పట్టికలు, పింఛనుదారుల జాబితాలు, కరువు నివేదికల వంటివి ఇందులో ఉంటాయి. ఈ సర్వర్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటిది కెర్నల్. డిస్కు, మెమరీ, నెట్‌వర్క్‌లకు సంబంధించిన పనులన్నీ దీని ద్వారానే జరుగుతాయి. ఇందులో లోపం తలెత్తితే దస్త్రాలన్నిటికీ ముప్పు ఏర్పడుతుంది.

జాప్యం వల్ల నష్టం

2016 అక్టోబర్ 11న ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పునర్విభజన జరిగింది. సూర్యాపేట, వనపర్తి, నాగర్‌కర్నూల్ తదితర కొత్త జిల్లాల కార్యాలయాలు ప్రారంభమయ్యాయి. సరిగ్గా ఆ నెల 19న 'డర్టీ కౌ' అనే లోపం వెల్లడైంది. 2007 నుండి లైనక్స్ కెర్నల్‌లో దాగి ఉన్న ఈ లోపం ద్వారా సాధారణ వినియోగదారు సైతం సర్వర్‌పై పూర్తి అధికారం పొందే వీలుండేది.

2017 మార్చి 14న విండోస్ ఫైల్ షేరింగ్ సేవలోని లోపానికి మైక్రోసాఫ్ట్ సవరణ విడుదల చేసింది. 59 రోజుల అనంతరం, మే 12న 'వన్నాక్రై' దాడి అదే లోపాన్ని ఆసరాగా చేసుకొని ప్రపంచమంతటా వ్యాపించింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దీని బారిన పడ్డాయి. సవరణ అమర్చుకోని యంత్రాలే ఎక్కువగా నష్టపోయాయి.

పాటించవలసిన జాగ్రత్తలు

నవీకరణకు ముందు దస్త్రాల నకలును వేరొక డిస్కులో భద్రపరచాలి. ఆ నకలు నుండి కొన్ని దస్త్రాలను తిరిగి తెరిచి సరిచూసుకోవాలి. కొత్త కెర్నల్‌ను తొలుత వేరొక కంప్యూటర్‌లో పరీక్షించాలి. డిస్కు, నెట్‌వర్క్ కార్డుల డ్రైవర్లు దానితో పనిచేస్తున్నదీ లేనిదీ నిర్ధారించుకోవాలి.

కొత్త కెర్నల్ సాధారణంగా సర్వర్‌ను పునఃప్రారంభించిన తరువాతనే అమలులోకి వస్తుంది. కావున సిబ్బందికి ముందస్తు సమాచారం ఇచ్చి, తెరిచి ఉన్న దస్త్రాలను మూయించి, పని వేళల అనంతరం ఈ కార్యక్రమం చేపట్టాలి. ప్రజావాణి జరిగే సోమవారానికి ముందు రోజు దీనిని చేపట్టకపోవడం మంచిది. యూపీఎస్ బ్యాటరీని ముందే పరీక్షించాలి. నెట్‌వర్క్ పనిచేయని పక్షంలో దూరం నుండి సరిదిద్దడం సాధ్యపడదు గనుక, సాంకేతిక సిబ్బంది ఒకరు సర్వర్ వద్దనే ఉండాలి.

లైనక్స్ సర్వర్లలో పాత కెర్నల్‌ను తొలగించరాదు. కొత్తది మొరాయిస్తే ప్రారంభ మెనూ నుండి పాతదానిని ఎంచుకొని కొద్ది నిమిషాల్లో సర్వర్‌ను పునరుద్ధరించవచ్చు. ఉమ్మడి ఫోల్డర్లు, వాటి అనుమతులు, రోజువారీ నకలు ప్రక్రియ సక్రమంగా ఉన్నాయని కొన్ని రోజులు గమనించిన తరువాతనే పాతదానిని తొలగించాలి.

దేవరకొండ నుండి నల్గొండకు, అచ్చంపేట నుండి నాగర్‌కర్నూల్‌కు ఒక రోజు కూలి వదులుకొని వచ్చే అర్జీదారుకు 'సర్వర్ పనిచేయడం లేదు' అనే సమాధానం ఎదురుకాకుండా చూడడమే ఈ జాగ్రత్తల పరమార్థం.