ఆకు వాలితే దాహమేనా?

రాయ్‌పూర్ పాలీహౌస్‌లలో మొక్క తలవాల్చితే ముందు చూడాల్సింది నీటి వాల్వ్‌ను కాదు, వేరును

ఏప్రిల్ మధ్యాహ్నం. రాయ్‌పూర్ శివార్లలో పాదరసం 40 డిగ్రీలు దాటి ఎగబాకుతోంది. పాలీహౌస్ ప్లాస్టిక్ కప్పు కింద ఉక్క ఇంకా ఎక్కువ. నిన్నటి దాకా నిటారుగా నిలబడ్డ టమాటా మొక్కలు ఒక్కసారిగా తలలు వాల్చేశాయి. ఇలాంటప్పుడు రైతు చెయ్యి తనంతట తానే డ్రిప్ వాల్వ్ మీదికి పోతుంది. చాలాసార్లు మొక్క ప్రాణం తీసేది ఆ చెయ్యే.

ఆకు వాలడం జబ్బు కాదు, జ్వరం లాంటి లక్షణం. వేర్లు పీల్చే నీటిలో చాలా భాగం ఆకుల గుండా ఆవిరైపోతుంది. అంత నీరు కింది నుంచి అందకపోతే కణాల్లో బిగువు సడలి ఆకు వేలాడుతుంది. మట్టిలో తడి లేకపోవడం అందుకు ఒక కారణం మాత్రమే. తడి ఉన్నా వేరు పీల్చలేకపోవచ్చు. వేరు పీల్చినా కాండంలో గొట్టాలు మూసుకుపోయి ఉండవచ్చు.

రాయ్‌పూర్ మైదానంలో ఈ తికమక మరీ ఎక్కువ. ఇక్కడి రైతులు నేలలను భాఠా, మటాసీ, డోర్సా, కన్హార్ అని నాలుగు రకాలుగా చెబుతారు. గులకరాళ్ల భాఠాలో నీరు నిలవదు. నల్లటి బంకమట్టి కన్హార్‌లో నీరు ఓ పట్టాన కదలదు. కన్హార్ పైపొర ఎండి పగుళ్లిచ్చినా లోపల తడి ఉంటుంది. అది చూడకుండా మళ్లీ తడిపెడితే వేర్లకు ఆక్సిజన్ అందదు. ఊపిరాడని వేరు నీటి మధ్యే ఉండి కూడా నీరు తాగలేదు.

వేలితో తొలి పరీక్ష

నగరంలో 1987లో ఏర్పడిన ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయం ఉంది. పక్కనే బరోండాలో పంట తెగుళ్లు, పురుగుల మీద పరిశోధన చేసే జాతీయ సంస్థ 2012లో మొదలైంది. అయితే శాస్త్రవేత్తల దాకా వెళ్లేలోగా రైతే చేసుకోగల పరీక్షలు కొన్ని ఉన్నాయి.

మొదటిది, వేలు మట్టిలోకి గుచ్చి చూడటం. లోపల పొడిగా ఉండి, ఆకు పలచబడి కాగితంలా వేలాడుతుంటే అది దాహమే. నీరిస్తే కొద్ది గంటల్లో తేరుకుంటుంది. లోపల చిత్తడిగా ఉండి, ఆకు బరువుగా కిందికి వంగితే నీరు ఎక్కువైనట్టు. అప్పుడు నీరు ఆపి, మురుగు పోయే దారి చూడాలి. మట్టి మీద తెల్లటి పొర కట్టి ఆకుల అంచులు మాడుతుంటే ఎరువు మోతాదు మించినట్టు. మురుగు బాగా పోయే చోట మంచినీటితో ఆ ఉప్పును కడిగేయాలి.

రెండోది, తెల్లవారుజామున చూడటం. మధ్యాహ్నం వాలి సాయంత్రానికి లేచిన మొక్కది ఎండదెబ్బ. దానికి నీడ, గాలి చాలు. కానీ మట్టి తడిగా ఉన్నా, రాత్రి గడిచినా ఆకు పచ్చగానే వేలాడుతుంటే అనుమానించాల్సిందే.

గ్లాసు నీళ్లలో సాక్ష్యం

ఆ అనుమానం పేరు బాక్టీరియా ఎండు తెగులు. రాల్‌స్టోనియా సొలనేసియారమ్ అనే సూక్ష్మజీవి వేరు గాయాల్లోంచి దూరి, కాండంలోని నీటి గొట్టాల్లో పెరిగి, జిగురుతో వాటిని పూడ్చేస్తుంది. టమాటా, వంగ, మిరపలకు ఇది బద్ధ శత్రువు. వేడి, తడి కలిసిన నేల దానికి పుట్టిల్లు.

పరీక్ష తేలిక. వాలిన మొక్క కాండాన్ని మొదలు దగ్గర ముక్కగా కోసి, కోసిన చివర మునిగేలా గ్లాసులోని తేటనీటిలో కదలకుండా పట్టుకోవాలి. కొద్ది నిమిషాల్లో పాల దారంలాంటి ధార కిందికి జారితే తెగులు ఖాయం. ధార రాకుండా, కింది ఆకులు పండుబారి, కాండం లోపల గోధుమరంగు చారలుంటే ఫ్యుజేరియం శిలీంధ్రాన్ని అనుమానించాలి. వేర్ల మీద బుడిపెలుంటే అది నులిపురుగుల పని.

బాక్టీరియా సోకిన మొక్కను బతికించే మందు లేదు. వేరుతో సహా పీకి నాశనం చేయాలి. కత్తిని శుభ్రం చేయనిదే మరో మొక్కను ముట్టకూడదు. ఇక్కడే పొరపాటుకు మూల్యం పెద్దది. దాహమనుకుని పారించిన నీరే తెగులును పక్క మొక్కలకు మోసుకుపోతుంది.

వంగ వేరు, టమాటా తల

ఈ బాక్టీరియా మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతుంది. ఆరుబయట సాగుచేసే రైతుకు ఒక దారుంది. దేశానికి ధాన్యపు గిన్నెగా పేరుపడ్డ ఛత్తీస్‌గఢ్‌లో వరి అందరికీ తెలిసిన పంటే. పొలాన్ని వరికి మార్చి నీరు నిలబెడితే తెగులు ఉద్ధృతి తగ్గుతుంది. పాలీహౌస్ రైతుకు ఆ వెసులుబాటు లేదు. అప్పు చేసి కట్టిన కప్పు కింద నాట్లు వేయలేడు, కప్పును మరోచోటికి జరపనూ లేడు.

అతనికి మిగిలిన దారులు రెండు. ఒకటి, మట్టిని వదిలి కొబ్బరి పొట్టు సంచుల్లో పెంచడం. రెండోది, అంటు నారు. తెగులును తట్టుకునే వంగ వేరు మీద టమాటా కొమ్మను అతికిస్తారు. తైవాన్‌లోని ప్రపంచ కూరగాయల కేంద్రం చాలాకాలంగా సిఫార్సు చేస్తున్న పద్ధతి ఇది. వంగ వేరు నీటి ముంపునూ కొంతవరకు ఓర్చుకుంటుంది. మామూలు నారు కంటే ఖరీదు బాగా ఎక్కువ. నాటేటప్పుడు అతుకు మట్టిలో కూరుకుపోకూడదు. కూరుకుపోతే టమాటా సొంత వేర్లు దించుకుంటుంది, పెట్టిన డబ్బు వృథా అవుతుంది.

ఇంత చేసినా రేపో ఎల్లుండో మధ్యాహ్నం మళ్లీ ఆకులు వాలవచ్చు. అప్పుడూ వాల్వ్ తిప్పే ముందు రైతుకు కావలసినవి రెండే: మట్టిలోకి దిగే ఒక వేలు, ఒక గ్లాసు తేటనీరు.