పైలాన్ పందెపు ఇంజన్

రేడియోతో నడిపే మోడల్ విమానాలకు ఉన్న పోటీల్లో చెవులు దిబ్బళ్లు పడేది పైలాన్ రేసు. పైలాన్ అంటే గుంజ. మైదానంలో మూడు గుంజలు త్రిభుజంగా పాతుతారు. రెండిటి మధ్య 40 మీటర్ల ఎడం, మూడోది వాటికి 180 మీటర్ల దూరాన. అంతర్జాతీయ పోటీల్లో ఎఫ్3డి అని పిలిచే తరగతిలో ఒక చుట్టు సుమారు 400 మీటర్లు, మొత్తం పది చుట్లు. చేయి తిరిగిన పైలట్ ఈ నాలుగు కిలోమీటర్లను నిమిషంలోపే ముగిస్తాడు. అంటే మలుపులన్నీ కలుపుకొని కూడా సగటు వేగం గంటకు 240 కిలోమీటర్లు దాటుతుంది. ఇంత పని చేసే ఇంజన్ ఘనపరిమాణం 6.6 సీసీకి మించకూడదు. వీధిలో తిరిగే 110 సీసీ స్కూటర్ ఇంజన్‌లో ఇది సుమారు పదిహేడో వంతు.

ఈ ఇంజన్ పుట్టుకకు దారి వేసింది 1947లో అమెరికాలో రే ఆర్డెన్ అమ్మకానికి తెచ్చిన గ్లో ప్లగ్. అంతకు ముందు మోడల్ ఇంజన్లకు స్పార్క్ ప్లగ్, దానికో కాయిల్, బ్యాటరీ ఉండేవి. ఆ బరువంతా విమానమే మోయాలి. గ్లో ప్లగ్‌లో ఉండేది ప్లాటినం కలిసిన సన్నని తీగచుట్ట, అంతే. స్టార్ట్ చేసేటప్పుడు ఒకటిన్నర వోల్టుల బ్యాటరీతో దాన్ని ఎర్రగా కాల్చి, ఇంజన్ అందుకోగానే తీసేస్తారు. ఆ తర్వాత పేలుడు వేడికి తోడు, ప్లాటినం ఉత్ప్రేరకంగా మారి మిథనాల్ ఆవిరిని తన మీదే మండించుకుంటూ కణకణలాడుతూనే ఉంటుంది. ఇంధనం మిథనాల్ కావడానికి ఇదో కారణం. ఆవిరయ్యేటప్పుడు అది లోపలి వేడిని బాగా లాగేస్తుంది కూడా. అందులో కలిపే నూనెల్లో పాతకాపు మన ఆముదమే, ఎందుకంటే పెట్రోలియం నూనెలు మిథనాల్‌లో కలవవు, ఆముదం కలుస్తుంది. ఎఫ్3డిలో 80 పాళ్లు మిథనాల్, 20 పాళ్లు నూనె. బలం పెంచే నైట్రోమీథేన్‌కు అక్కడ చోటు లేదు.

1960ల్లో అమెరికాలో పూర్తిస్థాయి గుడ్‌ఇయర్ రేసు విమానాల నమూనాలతో పందాలు ఊపందుకున్నాయి. ఘనపు అంగుళంలో నలభై వందో వంతులున్న ఇంజన్‌ను ‘ఫార్టీ’ అనేవారు. కాలిఫోర్నియా కె అండ్ బి, ఇటలీ సూపర్ టైగర్ ఫార్టీలు మైదానాల్లో మోగాయి. మామూలు మోడల్ విమానాల ఇంజన్లకు ఇవి పెద్దన్నల్లాంటివే తప్ప వేరే జాతి కాదు.

జాతిని మార్చినవి మూడు మెరుగులు. మొదటిది పిస్టన్‌కు రింగు తీసేయడం. పిస్టన్ ఆడే ఇత్తడి గొట్టం (స్లీవ్) లోపల క్రోమియం పూత, అందులో సిలికాన్ ఎక్కువ కలిసిన అల్యూమినియం పిస్టన్. వేడెక్కితే ఇత్తడి ఈ పిస్టన్ కన్నా కాస్త ఎక్కువ వ్యాకోచిస్తుంది. అందుకే చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ స్లీవ్ పైకొసన బిగదీసి పట్టేలా చేస్తారు. అసలు వేడికి చేరాక సరిగ్గా సరిపోతుంది. చల్లని ఇంజన్‌ను బలవంతంగా తిప్పితే అరుగుతుంది కాబట్టి పోటీగాళ్లు ముందుగా వేడిగాలితో దాన్ని వెచ్చబెడతారు. రెండోది జర్మన్ ఇంజనీరు అడాల్ఫ్ ష్నూర్లే పద్ధతి: తాజా మిశ్రమం ఎగ్జాస్ట్ వైపు కాకుండా ఎదుటి గోడవైపు దూకేలా స్లీవ్ గోడలోని కన్నాలను (పోర్టులను) వాల్చడం.

మూడోది ఎగ్జాస్ట్‌కు తగిలించే ట్యూన్డ్ పైపు. దీని కథ మోటార్‌సైకిళ్ల నుంచి వచ్చింది. తూర్పు జర్మనీ ఎంజెడ్ కంపెనీలో వాల్టర్ కాడెన్ దీన్ని తీర్చిదిద్దితే, 1961లో రైడర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ దేశం దాటిపోతూ ఆ రహస్యాన్ని సుజుకికి చేర్చాడు. మరుసటి ఏడాదే సుజుకి ప్రపంచ టైటిల్ కొట్టింది. మోడల్ విమానాలకు దాన్ని తెచ్చినవాడు కె అండ్ బి ఇంజనీరు బిల్ విస్నీవ్‌స్కీ. తీగ కట్టి తిప్పే స్పీడ్ విమానాల్లో 1966 ప్రపంచ పోటీ ఆయన దీనితోనే గెలిచాడు. ఎగ్జాస్ట్ దెబ్బ పైపు చివరి శంకువుకు తగిలి అలగా వెనక్కి వచ్చి, బయటికి జారిన తాజా మిశ్రమాన్ని పోర్టు మూసుకునే ముందు లోపలికి నెడుతుంది. కిటుకంతా ఆ అల వేళకు రావడంలో ఉంది. నిమిషానికి 30,000 చుట్ల దగ్గర ఒక చుట్టుకు దొరికేది సెకనులో 500వ వంతు. పైపు పొడవు కొద్ది మిల్లీమీటర్లు తప్పినా అల వేళ తప్పుతుంది. ప్రొపెల్లర్‌కూ ఇలాంటి హద్దే ఉంది: 18 సెంటీమీటర్ల వ్యాసంతో ఆ వేగాన తిరిగితే దాని కొస సెకనుకు 280 మీటర్లు దాటుతుంది, విమానం ముందుకు పోయే వేగమూ కలిస్తే ధ్వని వేగం మరీ దూరంలో ఉండదు.

ఇలా చెక్కిచెక్కి ఇంజన్‌ను ఒకే ఒక వేగానికి అంకితం చేశారు. ఆ వేగానికి దిగువన దానికి సత్తువ లేదు. ఆదివారం సరదాగా విమానం ఎగరేసేవాడికి అది పనికిరాదు. అందువల్ల కొనేవాళ్లు తగ్గారు, చేసేవాళ్లూ తగ్గారు. పెద్ద కంపెనీల స్థానంలో అమెరికాలో నెల్సన్, జెట్ వంటి చిన్న వర్క్‌షాపులు నిలిచాయి. ఖర్చు తగ్గించాలని 500 చదరపు అంగుళాల రెక్కతో క్విక్కీ 500 అనే తరగతి పెడితే, కాలక్రమంలో అక్కడా పందెపు ఇంజన్లే చేరాయి. ఈలోగా లిథియం బ్యాటరీలతో విద్యుత్ మోటార్లు వచ్చి మామూలు గ్లో ఇంజన్ల అంగడిని కూడా ఖాళీ చేశాయి.

దాంతో కొత్తగా పోటీకి దిగేవాడు తరచూ వాడిన ఇంజన్ కోసమే వెతకాలి. కొనేముందు చూసేవి కొన్నే. ప్లగ్ విప్పి ప్రొపెల్లర్‌ను చేత్తో మెల్లగా తిప్పితే పిస్టన్ స్లీవ్ పైకొసన పట్టాలి. పట్టు లేకుండా జారిపోతే అరిగిపోయినట్టే. పోర్టుల అంచుల్లో క్రోమియం లేచిందేమో భూతద్దంతో చూడాలి. మిథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి, నూనె వేయకుండా దాచిన ఇంజన్ బేరింగులు తుప్పు పట్టి గరగరలాడతాయి. బేరింగులు మార్చుకోవచ్చు. పిస్టన్, స్లీవ్ మాత్రం ఒకదానికొకటి సరిచేసిన జంట. ఒక్కదాన్నే మార్చడం కుదరదు. ఆ జంట దొరికే దారి లేకపోతే, చవగ్గా వచ్చిన ఇంజన్ అయినా ఖరీదైనదే.