మూడు నిమిషాల వెనుక ఏడు రోజులు

ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ తీసిన ‘సైకో’ 1960లో విడుదలైనప్పుడు అమెరికాలో పెద్ద దుమారమే లేచింది. సినిమా సగం కాకుండానే కథానాయిక స్నానాలగదిలో హత్యకు గురవుతుంది. అంతవరకూ ఆమె కథే చూస్తున్నామనుకున్న ప్రేక్షకులు హడలిపోయారు. ఆట మొదలయ్యాక ఎవరినీ హాల్లోకి రానివ్వరాదని హిచ్‌కాక్ నియమం కూడా పెట్టారు.

ఆ ఒక్క ఘట్టం ఎలా తయారైందో చెప్పడానికి అలెగ్జాండర్ ఫిలిప్ అనే దర్శకుడు 2017లో ఏకంగా గంటన్నర డాక్యుమెంటరీ తీశారు. దాని పేరు ‘78/52’. అంటే 78 కెమెరా అమరికలు, 52 కత్తిరింపులు అన్నమాట.

ముందు జమాఖర్చులు చూద్దాం. ఈ కథ మీద డబ్బు పెట్టడానికి పారమౌంట్ సంస్థ వెనుకాడితే హిచ్‌కాక్ తానే పెట్టుబడి పెట్టారు. ఖర్చు సుమారు 8 లక్షల డాలర్లు. పొదుపు కోసం తన టెలివిజన్ సిబ్బందితోనే, నలుపు తెలుపుల్లో తీశారు. అంతటి పొదుపరి సుమారు మూడు నిమిషాల ఘట్టానికి మాత్రం ఏడు రోజులు కేటాయించారు! ఖర్చు ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ తగ్గించకూడదో ఆయనకు తెలుసు.

తెరమీద పారే నెత్తురు నిజానికి చాక్లెట్ పాకం. కత్తిపోట్ల చప్పుడు కోసం ఒక రకం కర్బూజా పండును పొడిచారు. ఆ ఘట్టానికి సంగీతమే వద్దని హిచ్‌కాక్ మొదట అనుకున్నారు. స్వరకర్త బెర్నార్డ్ హెర్మన్ మాత్రం తంత్రీవాద్యాలతో బాణీ కట్టి వినిపించారు. విన్నాక హిచ్‌కాక్ తన మాట మార్చుకున్నారు. ఈనాడు ఆ కీచు స్వరాలు లేకుండా ఆ ఘట్టాన్ని ఊహించలేం. కత్తి దిగడం తెరమీద దాదాపు కనిపించదు. మిగిలినదంతా మన మనసే కల్పించుకుంటుంది.

ముఖ్యంగా చెప్పుకోవలసిన మాట మరొకటుంది. ఆ ఘట్టంలో మనం చూసే ముఖం జానెట్ లీది. కానీ కొన్ని షాట్లలో ఆమెకు బదులు నిలబడినది మార్లీ రెన్‌ఫ్రో అనే మోడల్. సినిమా టైటిల్స్‌లో ఆమె పేరు లేదు. ఈ డాక్యుమెంటరీలో ఆమె స్వయంగా కనిపించి ఆ రోజుల ముచ్చట్లు చెబుతారు. పేరున్న దర్శకులూ నటులూ చేసే విశ్లేషణల నడుమ ఆమె మాటలే మనసుకు హత్తుకుంటాయి. వాళ్ళు చెప్పేది చూసిన సంగతి, ఆమె చెప్పేది చేసిన పని.

రెండు చిత్రాలూ పిల్లలకు తగినవి కావు. పెద్దలు మాత్రం ముందు ‘సైకో’ చూసి, తరువాత దీనిని చూడటం మేలు. పేరు పడని చేతులు ఎన్ని కలిస్తే ఒక గొప్ప పేరు నిలుస్తుందో తెలుస్తుంది.