డాక్టరు ఇంటికి వెళ్లమన్నాక

మంచి డాక్టరు దొరికితే సగం జబ్బు నయమైనట్టేనని మన పెద్దవాళ్లు అనుకునేవారు. వారి రోజులకు అది సరిపోయింది. డాక్టరుగారు చీటీ రాసేవారు, కంపౌండరు సీసాలో మందు పోసి ఇచ్చేవాడు, ఫీజు చేతిలో పెట్టి ఇంటికి వచ్చేవాళ్లు. ఇప్పుడో, డాక్టరుకూ రోగికీ మధ్య ఇంకొక పెద్దమనిషి వచ్చి కూర్చున్నాడు. ఆయన మన కంటికి కనిపించడు. ఆయనే ఇన్సూరెన్సు కంపెనీ.

నిరుడు నాకు పిత్తాశయంలో రాళ్లున్నాయని తేలి, లాపరోస్కోపీ పద్ధతిలో దాన్ని తీయించుకోవలసి వచ్చింది. ఆపరేషను సంగతి చెప్పడానికేముంది? మత్తు ఇచ్చారు, మెలకువ వచ్చేసరికి పొట్టమీద నాలుగు చిన్న పట్టీలు ఉన్నాయి. కథంతా కాగితాల దగ్గరే నడిచింది.

చేరిన రోజునే కుర్ర డాక్టరుగారొకరు వచ్చి "నొప్పి ఎప్పటినుంచండీ?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోగా మా ఆవిడ "ఎప్పట్నుంచో ఉందండీ" అనేసింది. మన ఇళ్లలో "ఎప్పట్నుంచో" అంటే మొన్నటినుంచీ కావచ్చు, పదేళ్లనుంచీ కావచ్చు. కాని ఆ ముక్క కేసుషీటులోకి ఎక్కితే, పాలసీ తీసుకోకముందే జబ్బుందేమోనని కంపెనీవారికి అనుమానం పుడుతుంది. అందుకని నొప్పి మొదలై రెండు నెలలే అయిందని చెప్పి, తేదీతో సహా స్కానింగు రిపోర్టు చూపించాను. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం, విడవకుండా ఐదేళ్లు ప్రీమియం కట్టినవారి క్లెయిమును, మోసం రుజువైతే తప్ప, వివరాలు దాచారంటూ తోసిపుచ్చడానికి వీల్లేదు. నా పాలసీకి అప్పటికి నాలుగేళ్లే నిండాయి మరి!

తరువాత గది పంచాయితీ. మా బావమరిదికి కాస్త దర్జా ఎక్కువ. "బావా, ఆరువేల గది తీసుకుందాం. పై మూడువేలు మనం వేసుకుంటే పోయె" అన్నాడు. నా పాలసీ మూడు లక్షలది. రోజుకు అందులో నూటికి ఒకటి, అంటే 3,000 రూపాయలే గది అద్దెకు ఇస్తారు. పై మూడువేలతోనే పోతే బాధ లేదు. గది రెట్టింపు అద్దెదైతే, గదినిబట్టి ఫీజులు మారే ఆస్పత్రుల్లో సర్జనుగారి ఫీజు, థియేటరు ఖర్చు కూడా కంపెనీ సగమే ఇస్తుంది. ఆ రెండూ కలిసి 60,000 అయ్యాయనుకోండి, 30,000 మన నెత్తిన పడతాయి. మందులకు, పరీక్షలకు ఆ కోత లేదు. ఈ లెక్క వెనకాల కాగితం మీద వేసి చూపించాక మావాడు మూతి ముడుచుకుని మూడువేల గదిలోనే నా సంచి పెట్టాడు.

మూడోరోజు పొద్దున్న తొమ్మిదింటికి డాక్టరుగారు నవ్వుతూ "ఇక ఇంటికి వెళ్లొచ్చు" అన్నారు. మా ఆవిడ ఫ్లాస్కూ, దుప్పటీ సర్దేసింది. పది అయింది, పదకొండు అయింది, పన్నెండు అయింది. కింద ఇన్సూరెన్సు బల్ల దగ్గర అడిగితే "అక్కణ్ణించి ఇంకా రాలేదండీ" అనే జవాబు. డిశ్చార్జికి కంపెనీ మూడు గంటల్లో అనుమతి ఇవ్వాలనీ, ఆలస్యంవల్ల ఆస్పత్రి అదనంగా వసూలు చేస్తే ఆ సొమ్ము కంపెనీయే భరించాలనీ అదే 2024 నిబంధనల్లో ఉంది. అయితే ఆ మూడు గంటలు మొదలయ్యేది డాక్టరు వెళ్లమన్నప్పుడు కాదు, ఆస్పత్రివారి కాగితం కంపెనీకి చేరినప్పుడు.

"మనం పంపింది ఎన్నింటికమ్మా?" అని అడిగాను. ఆ అమ్మాయి కంప్యూటరులో వెతికి, కాస్త బెరుకుగా, "ఇంకా పంపలేదు సార్" అంది. ఫైలు మందుల దుకాణం దగ్గర ఆగి ఉంది. వాడకుండా మిగిలిన రెండు సెలైను సీసాలు వెనక్కి ఇస్తేగాని బిల్లు తేలదట! ఆ సీసాలు మా గది బీరువాలోనే ఉన్నాయి. బావమరిది వాటిని చంకన పెట్టుకుని పరుగెత్తాడు. ఒకటిన్నరకు కాగితం వెళ్లింది, నాలుగూ పదికి అనుమతి వచ్చింది. కంపెనీని తిట్టుకుందామన్నా నాకు అవకాశం లేకపోయింది. చేతితొడుగులూ అవీ కంపెనీ ఇవ్వదు గనుక వాటి డబ్బు మాత్రం కట్టి బయటపడ్డాం.

ఇంకొక ముఖ్యమైన సంగతి. తీసేసిన పిత్తాశయాన్ని బయాప్సీకి పంపుతారు. ఆ రిపోర్టు డిశ్చార్జినాటికి రాదు. కుట్లు మానాయి గదా అని చాలామంది దాని ఊసే మరిచిపోతారు. నేను ఎనిమిదోరోజున వెళ్లి అడిగి తెచ్చుకున్నాను. భయపడవలసిందేమీ లేదని రాసి ఉంది. ఇంటికి వెళ్లాక అయ్యే ఖర్చులు కూడా అరవై రోజులవరకూ నా పాలసీలో వస్తాయి గనుక, తరువాతి మందుల బిల్లులన్నీ మా ఆవిడ వంటింటి క్యాలెండరు వెనుక గుచ్చిపెట్టింది. యాభయ్యోరోజున పంపించాను. డబ్బు బ్యాంకులో పడింది.