మోకాలు చాచలేకపోతున్నారా? రేపటికి వాయిదా వేయొద్దు

మిద్దె మీద ఎండబెట్టిన మిరపకాయల గోతం భుజాన వేసుకుని మీ నాన్నగారు మెట్లు దిగుతున్నారనుకోండి. ఇంకో మెట్టు ఉందనుకున్న చోట లేదు. మోకాలు ఒక్కసారిగా మడతపడింది. పడిపోకుండా ఆపుకోవాలని కాలు గట్టిగా బిగబట్టారు. లోపల ‘టప్‌’మని ఏదో తెగినట్టయింది. కూలబడిపోయారు. కాసేపటికే మోకాలు ఉబ్బిపోయింది.

చుట్టూ చేరినవాళ్లు తలో మాట అంటారు. ‘బెణికింది, నూనె రాసి కట్టు కడితే సరి’ అని ఒకరు. ‘వయసు మీద పడింది కదా, అరుగుదల’ అని మరొకరు. పొదిలి ప్రాంతంలోనైతే ఇంకో మాటా వినిపిస్తుంది: ‘మన నీళ్ల సంగతి తెలిసిందేగా, అంతా ఫ్లోరైడ్‌ మహిమ!’ ఇలా అనుకుంటూ నెల గడిపేస్తే, సులువుగా నయమయ్యే దెబ్బ కాస్తా పెద్ద ఆపరేషన్‌ దాకా వెళ్తుంది.

ఫ్లోరైడ్‌ నొప్పి వేరు, ఇది వేరు

ఈ ప్రాంతవాసులు ఫ్లోరైడ్‌ను అనుమానించటంలో తప్పు లేదు. మనదేశంలో ఫ్లోరోసిస్‌ గురించి తొలి వైద్య నివేదికలు 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచే వెలువడ్డాయి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే వరకు పొదిలి ఆ జిల్లాలోనే ఉండేది. కానీ ఫ్లోరోసిస్‌ ఏళ్ల తరబడి మెల్లగా ముదిరే సమస్య. నడుము, మెడ, కీళ్లు క్రమంగా బిగుసుకుపోతాయి. అరుగుదల కూడా అంతే, నెమ్మదిగా పెరుగుతూ వస్తుంది. టెండన్‌ తెగటం అలా కాదు. ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తుండగా జరిగిందో మీరు చెప్పగలుగుతారు. నిన్నటి వరకు బాగున్న కాలు ఈ రోజు మాట వినదు. ఈ తేడా గుర్తుంచుకుంటే చాలు, సగం ఆలస్యం తప్పుతుంది.

అసలు తెగేదేమిటి?

కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే గట్టి తాడు లాంటిదే టెండన్‌. ఎముకను ఎముకతో కట్టి ఉంచేది లిగమెంట్‌. తొడ ముందు భాగంలోని పెద్ద కండరం మోకాలి చిప్ప పైభాగానికి ఒక టెండన్‌తో అతుక్కుని ఉంటుంది. దీన్ని క్వాడ్రిసెప్స్‌ టెండన్‌ అంటారు. చిప్ప కింది నుంచి ముంగాలి ఎముకకు వెళ్లేది పటెల్లార్‌ టెండన్‌. బావి గిలక మీదుగా సాగే తాడులా ఈ రెండూ చిప్ప ఆసరాతో కాలిని నిటారుగా చాపుతాయి. వీటిలో ఏది పూర్తిగా తెగినా కాలు చాచటం కుదరదు.

చిప్ప పైనున్న టెండన్‌ ఎక్కువగా 40 ఏళ్లు దాటినవారిలో, కిందిది అంతకంటే చిన్న వయసువారిలో, ముఖ్యంగా ఎగిరి దూకే ఆటలాడేవారిలో తెగుతుంది. పాదం నేల మీద ఆని, మోకాలు వంగుతున్న సమయంలో తొడ కండరం గట్టిగా బిగుసుకోవటమే ప్రధాన కారణం. అమెరికా అధ్యక్షుడిగా ఉన్నప్పుడు బిల్‌ క్లింటన్‌కు జరిగిందీ ఇదే. 1997 మార్చిలో ఫ్లోరిడాలో గోల్ఫ్‌ క్రీడాకారుడు గ్రెగ్‌ నార్మన్‌ ఇంటి మెట్ల మీద ఆయన కాలు తడబడింది. క్వాడ్రిసెప్స్‌ టెండన్‌ కొంత మేర చిరిగి, ఆపరేషన్‌ చేయాల్సి వచ్చింది. అప్పుడు ఆయనకు 50 ఏళ్లు.

ఇంట్లోనే గమనించండి

దెబ్బ తగిలిన వ్యక్తిని వెల్లకిలా పడుకోబెట్టండి. మోకాలు వంచకుండా మడమను పరుపు మీది నుంచి కొద్దిగా పైకి లేపమనండి. బలవంతం చేయొద్దు, మీరు చేత్తో లేపొద్దు. ఆయన కాలు లేపలేకపోయినా, లేపేటప్పుడు మోకాలు వంగిపోయి నిటారుగా నిలవకపోయినా అదే రోజు ఎముకల డాక్టరుకు చూపించాలి. అది టెండన్‌ తెగటం కావొచ్చు, చిప్ప విరగటమూ కావొచ్చు. రెండూ ఆగే సమస్యలు కావు.

చిప్పకు పైన గానీ కింద గానీ వేలికి గుంటలా తగలటం, రెండో కాలితో పోలిస్తే చిప్ప పైకి లేదా కిందికి జరిగినట్టు కనిపించటం కూడా ముఖ్యమైన గుర్తులే. అయితే వాపులో గుంట కనిపించకపోవచ్చు. ‘కాలీడ్చుకుంటూ నాలుగడుగులు వేశారు కదా, ఏమీ కాలేదులే’ అనుకోవద్దు. టెండన్‌ తెగినా కొందరు కాలు బిగపట్టి కాస్త నడవగలరు.

ఆసుపత్రికి చేరేలోపు కాలిని చాచి ఉంచి, కింద పలకలాంటి ఆసరా పెట్టి కట్టండి. గుడ్డలో చుట్టిన ఐసును 15-20 నిమిషాలు పెట్టొచ్చు. మర్దన, కాపడం, నాటు కట్టు వద్దు. ఆపరేషన్‌ అవసరం రావొచ్చు కాబట్టి డాక్టరు చూసేదాకా ఏమీ తినిపించకపోవటం మేలు. షుగర్‌ మందులు వాడేవారైతే ఆ విషయం వెంటనే చెప్పండి.

ఎవరు మరింత జాగ్రత్తగా ఉండాలి?

ఆరోగ్యంగా ఉన్న టెండన్‌ అంత తేలిగ్గా తెగదు. మధుమేహం, దీర్ఘకాల కిడ్నీ జబ్బు, రుమటాయిడ్‌ ఆర్థ్రయిటిస్‌, గౌట్‌ వంటివి దాన్ని లోలోపల బలహీనపరుస్తాయి. స్టిరాయిడ్లు దీర్ఘకాలం వాడటమూ అంతే. నొప్పి తగ్గుతోంది కదా అని ఏ మందో తెలియకుండా మోకాలికి పదేపదే ఇంజెక్షన్లు చేయించుకోవద్దు. సిప్రోఫ్లాక్సాసిన్‌, లెవోఫ్లాక్సాసిన్‌ వంటి యాంటీబయాటిక్స్‌తో టెండన్లు దెబ్బతినే ముప్పుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే తీవ్ర హెచ్చరిక జారీ చేసింది. ఇది ఎక్కువగా మడమ వెనక టెండన్‌లో కనిపిస్తుంది. 60 ఏళ్లు దాటినవారికి, స్టిరాయిడ్లు వాడేవారికి ముప్పు ఎక్కువ. డాక్టరు రాస్తే ఈ మందులు మానక్కర్లేదు గానీ, దుకాణంలో అడిగి సొంతంగా కొని వేసుకోవద్దు.

చికిత్స ఎలా?

చేత్తో పరీక్షించటంతోనే డాక్టరుకు చాలావరకు తెలిసిపోతుంది. చిప్ప ఎక్కడుందో, విరిగిందో లేదో ఎక్స్‌రే చెబుతుంది. టెండన్‌ ఎంత మేర చిరిగిందో అల్ట్రాసౌండ్‌, ఎంఆర్‌ఐ చూపిస్తాయి.

కొంతే చిరిగి, కాలు సొంతంగా చాచగలుగుతుంటే ఆపరేషన్‌ లేకుండానే నయమయ్యే అవకాశముంది. కాలు వంగకుండా కొన్ని వారాలు బ్రేస్‌ గానీ కట్టు గానీ వేసి, తర్వాత ఫిజియోథెరపీ చేయిస్తారు. పూర్తిగా తెగితే మాత్రం ఆపరేషనే మార్గం. టెండన్‌ను గట్టి దారాలతో కుట్టి, చిప్పకు సన్నని రంధ్రాలు చేసి బిగిస్తారు. దీన్ని వీలైనంత త్వరగా, 2-3 వారాల్లోపే చేయటం మంచిది. ఆలస్యమైతే తొడ కండరం పైకి ముడుచుకుపోతుంది, తెగిన కొసలు అందవు. అప్పుడు మరోచోటి నుంచి టెండన్‌ తెచ్చి అతకాల్సి రావొచ్చు. ఫలితమూ అంత బాగుండకపోవచ్చు.

పొదిలి నుంచి ఒంగోలు సుమారు 50 కిలోమీటర్లు. అక్కడి ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఎముకల విభాగం ఉంది. ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే, ప్రభుత్వ వైద్య పథకం మీకు వర్తిస్తుందేమో అక్కడి ఆరోగ్యమిత్రను ముందే అడగండి. ఖర్చు భయంతో రోజులు దాటించొద్దు.

కుట్టాక తొందర వద్దు

చికిత్సకు ఎంత తొందర అవసరమో, కోలుకోవటానికి అంత ఓపిక కావాలి. బ్రెజిల్‌ ఫుట్‌బాల్‌ తార రొనాల్డోకు 1999 నవంబరులో పటెల్లార్‌ టెండన్‌ దెబ్బతింది. ఆపరేషన్‌ తర్వాత 2000 ఏప్రిల్‌లో మళ్లీ మైదానంలోకి దిగిన కొద్ది నిమిషాలకే అది పూర్తిగా తెగిపోయింది. ఈసారి ఓపిక పట్టాడు. 2002 ప్రపంచ కప్పులో 8 గోల్స్‌ కొట్టి బ్రెజిల్‌ను గెలిపించాడు. అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్‌కు 1994లో పుణె జాతీయ క్రీడల్లో తెగింది లిగమెంట్‌. అయినా పాఠం ఒక్కటే. ఆపరేషన్లు, ఏళ్ల సాధన తర్వాత 2001లో ఆయన ఆల్‌ ఇంగ్లండ్‌ విజేత అయ్యారు.

ఇంట్లోవారు చేయాల్సింది చాలానే ఉంది. తొలి వారాల్లో కాలు చాచి, బ్రేస్‌తోనే నడిపించాలి. మోకాలు ఎప్పుడు, ఎంత వంచాలో డాక్టరు, ఫిజియోథెరపిస్టు చెబుతారు. అప్పటిదాకా నేల మీద మఠం వేసుకోవటం, గొంతుక్కూర్చోవటం వద్దు. మరుగుదొడ్డిలో ఎత్తు కుర్చీ లేదా కమోడ్‌ ఏర్పాటు చేయండి. షుగర్‌ అదుపులో ఉంటే గాయం త్వరగా మానుతుంది. పిక్క వాచి నొప్పి పెడుతుంటే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఆయాసం కూడా వస్తే అత్యవసరంగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. రోజువారీ పనులకు 4-6 నెలలు, బరువులు మోయటానికి, ఆటలకు ఇంకా ఎక్కువ కాలం పట్టొచ్చు.

కాబట్టి ‘మన నీళ్లే అంత’, ‘వయసే అంత’ అని సరిపెట్టుకునే ముందు ఒక్క ప్రశ్న వేయండి: నిన్న చాచిన కాలు ఈ రోజు ఎందుకు చాచలేకపోతున్నారు? జవాబు దొరక్కపోతే అదే రోజు బండి కట్టించండి.