వెయ్యేళ్ల వాన... రెండేళ్లకే!

వాన మొదలైతే ఎవరైనా ఏం చేస్తారు? పరుగున వెళ్లి దగ్గర్లోని దుకాణంలో తలదాచుకుంటారు. అమెరికాలోని ఎలికాట్ సిటీలో మాత్రం సైరన్ మోగితే దుకాణం వదిలి గుట్టెక్కాలి. ఎటు ఎక్కాలో చెప్పే బోర్డులు కూడా వీధిలోనే ఉంటాయి!

మేరీల్యాండ్ రాష్ట్రంలో ఉన్న ఈ ఊరికి నీళ్లే ప్రాణం పోశాయి. 1772లో ఎలికాట్ అన్నదమ్ములు ముగ్గురు పటాప్స్‌కో నది ఒడ్డుకొచ్చి, నీటి వేగంతో తిరిగే పిండిమరలు పెట్టారు. పొగాకు పండించే చుట్టుపక్కల రైతులను గోధుమవైపు మళ్లించారు. 1830లో బాల్టిమోర్ నుంచి ఇక్కడిదాకా 13 మైళ్ల రైలు మార్గం వేశారు. అప్పట్లో కట్టిన రాతి స్టేషన్ ఇప్పుడు మ్యూజియం. అమెరికాలో నిలిచి ఉన్న రైల్వేస్టేషన్లలో అదే అతి పాతది.

స్టేషన్ దగ్గర్నుంచి గుట్టపైకి సాగే మెయిన్ స్ట్రీటే పాత ఊరికి గుండెకాయ. అటూ ఇటూ నల్లరాతి భవనాలు, పాత వస్తువుల దుకాణాలు, హోటళ్లు. కొన్ని భవనాల కిందనుంచే వాగు పారుతుంది. చిక్కంతా అక్కడే.

1868లో, 1972లో నది పొంగి ఊరిని ముంచింది. 2016 జులై 30న మాత్రం వరద పైనుంచి దూకింది. రెండు గంటల్లో సుమారు ఆరంగుళాల వాన! వీధే ఏరైంది. కార్లు కొట్టుకుపోయాయి. ఇద్దరు చనిపోయారు. అలాంటి వాన వెయ్యేళ్లకోసారి పడుతుందన్నారు నిపుణులు. దుకాణదారులు ఆ మాట నమ్మి, బురద ఎత్తిపోసి, మళ్లీ తలుపులు తెరిచారు.

రెండేళ్లు తిరక్కుండానే, 2018 మే 27న అంతకు మించిన వరద. ఒక మహిళకు సాయం చేయబోయిన నేషనల్ గార్డ్ జవాను ప్రాణాలు కోల్పోయాడు.

నీటికి దారివ్వాలంటే వీధి దిగువన పది భవనాలు కూల్చాలని అదే ఏడాది ప్రతిపాదన వచ్చింది. 'ప్రాణాలకన్నా గోడలెక్కువా?' అన్నారు కొందరు. 'ఆ గోడలు లేకపోతే ఊరేది?' అన్నారు ఇంకొందరు. ఎగువన చెట్లు కొట్టి, నేలంతా కాంక్రీటు చేసినందుకే ఈ తిప్పలన్నవాళ్లూ ఉన్నారు. చివరికి 2019లో మధ్యేమార్గం దొరికింది. నాలుగు భవనాలను మాత్రం తీసేసి, గుట్టను తొలిచి, వరదను నేరుగా నదిలోకి పంపేలా సుమారు మైలు పొడవున సొరంగం తవ్వాలని నిర్ణయించారు.

నీటి వేగం కోసమే వెతుక్కుంటూ వచ్చి కట్టుకున్న ఊరది. ఇప్పుడు ఆ వేగాన్నే నేల కిందికి సాగనంపాల్సి వస్తోంది!