లక్ష్య పిస్తోలు ఎంపిక

గురి పోటీలలో ఉపయోగించే పిస్తోలును లక్ష్య పిస్తోలు అంటారు. 25 మీటర్ల పోటీలలో వాడే లక్ష్య పిస్తోళ్ళు అర్ధ స్వయంచాలక (సెమీ ఆటోమేటిక్) రకానికి చెందినవి. నాణ్యతలో దాదాపు సమానమైన రెండు పిస్తోళ్ళలో ఒకదానిని ఎంచుకోవలసి రావడం ఈ క్రీడలో తరచుగా ఎదురయ్యే సమస్య. ఈ వ్యాసంలో జర్మనీకి చెందిన వాల్టర్ జి.ఎస్.పి., ఇటలీకి చెందిన పర్దీని ఎస్.పి. అనే రెండు పిస్తోళ్ళను ఉదాహరణగా తీసుకొని, ఎంపికలో చూడవలసిన అంశాలు వివరించబడినవి. తెలంగాణలోని జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల వంటి చోట్ల నుండి వచ్చే క్రీడాకారులకు ఏ అంశాలు ముఖ్యమో కూడా ఇందులో చూడవచ్చు.

నేపథ్యం

తెలుగువారికి గురి క్రీడ కొత్తది కాదు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో కాంస్య పతకం గెలుచుకున్నాడు. అదే ఒలింపిక్స్‌లో హిమాచల్ ప్రదేశ్‌కు చెందిన విజయ్ కుమార్ 25 మీటర్ల రాపిడ్ ఫైర్ పిస్తోలు పోటీలో రజతం సాధించాడు. హైదరాబాదుకు చెందిన ఈషా సింగ్ 2018లో తన 13వ ఏట 10 మీటర్ల ఎయిర్ పిస్తోలు విభాగంలో జాతీయ విజేతగా నిలిచింది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో ఆమె 25 మీటర్ల పిస్తోలు జట్టు విభాగంలో మను భాకర్, రిథమ్ సాంగ్వాన్‌లతో కలిసి స్వర్ణాన్ని, వ్యక్తిగత విభాగంలో రజతాన్ని గెలుచుకుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 25 మీటర్ల పిస్తోలు పోటీలో భారతదేశం తరఫున పాల్గొన్నది.

పని చేసే విధానం

25 మీటర్ల స్పోర్ట్ పిస్తోలులో .22 లాంగ్ రైఫిల్ (5.6 మి.మీ.) తూటాను వాడతారు. ట్రిగ్గర్‌ను ఒకసారి నొక్కితే ఒక తూటా మాత్రమే పేలుతుంది. పేలుడు వల్ల పుట్టిన వాయువు గుండును ముందుకు తోస్తుంది. అదే ఒత్తిడి ఖాళీ తొడుగును, దాని వెనుక ఉన్న బోల్టును వెనక్కి నెడుతుంది. ఖాళీ తొడుగు బయట పడిన తరువాత స్ప్రింగు బోల్టును తిరిగి ముందుకు తెస్తుంది. అలా వచ్చేటపుడు బోల్టు మేగజీన్‌లోని తరువాతి తూటాను గదిలోకి చేరుస్తుంది. తరువాతి దెబ్బకు ట్రిగ్గర్‌ను వదలి మళ్ళీ నొక్కాలి. అందుకే దీనిని పూర్తి స్వయంచాలకం అనరు.

.22 తూటాలో మంట పుట్టించే మందు అడుగుభాగపు అంచులో ఉంటుంది. గుండు మెత్తని సీసంతో చేసినది, పైన మైనం లేదా గ్రీజు పూత ఉంటుంది. అందువలన మసి, మైనం, సీసపు పొడి త్వరగా పేరుకుంటాయి. తూటాలోని మందు బలం తక్కువైతే బోల్టు పూర్తిగా వెనక్కి వెళ్ళదు, ఖాళీ తొడుగు మధ్యలో ఇరుక్కుంటుంది. ఒక పిస్తోలు ఒక కంపెనీ తూటాలతో చక్కగా పనిచేసి, మరొక కంపెనీ తూటాలతో మొరాయించడానికి ముఖ్య కారణం ఇదే.

పోటీ నియమాలు

అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య (ఐ.ఎస్.ఎస్.ఎఫ్.) నియమాల ప్రకారం 25 మీటర్ల .22 పిస్తోలుకు ఈ క్రింది పరిమితులు ఉన్నాయి.

* బరువు 1,400 గ్రాములు మించరాదు.
* పిస్తోలు మొత్తం 300 × 150 × 50 మి.మీ. కొలతలు గల పెట్టెలో పట్టాలి.
* బారెల్ పొడవు 153 మి.మీ., ముందు వెనుక సైటుల మధ్య దూరం 220 మి.మీ. మించరాదు.
* ట్రిగ్గర్ కనీసం 1,000 గ్రాముల బరువును నిలపాలి.
* కటకాలు గల సైటులు వాడరాదు. తెరచిన సైటులు మాత్రమే ఉండాలి.

మహిళల 25 మీటర్ల పిస్తోలు పోటీలో రెండు దశలు ఉంటాయి. మొదటిదైన ప్రెసిషన్ దశలో 30 దెబ్బలు. ఒక్కొక్క అయిదు దెబ్బల వరుసకు అయిదు నిమిషాల గడువు. రెండవదైన రాపిడ్ దశలో కూడా 30 దెబ్బలే, కాని ఒక్కొక్క దెబ్బకు 3 సెకన్ల సమయం, మధ్యలో 7 సెకన్ల విరామం. ప్రెసిషన్ లక్ష్యంలో పది వలయం వ్యాసం 50 మి.మీ., రాపిడ్ లక్ష్యంలో 100 మి.మీ.

ఈ కొలతల వెనుక ఉన్న లెక్క తెలుసుకొనదగినది. సైటుల మధ్య దూరం 220 మి.మీ. ఉన్నపుడు ముందు సైటు 0.1 మి.మీ. పక్కకు జరిగితే 25 మీటర్ల దూరంలో గుండు సుమారు 11 మి.మీ. పక్కకు పడుతుంది. అంటే కేవలం 0.2 మి.మీ. పొరపాటుతో మధ్యలో పడవలసిన గుండు పది వలయం అంచుకు చేరుతుంది. మంచి లక్ష్య పిస్తోలును బల్ల మీద ఆనించి కాల్చితే గుళ్ళన్నీ పది వలయంలోనే పడతాయి. కనుక పాయింట్లు పోయేది ఎక్కువగా బారెల్ వల్ల కాదు, ట్రిగ్గర్ నొక్కేటపుడు చేయి కదలడం వల్ల. రెండు మంచి పిస్తోళ్ళ మధ్య ఎంపిక చేసేటపుడు ఏది ఎక్కువ కచ్చితమైనది అన్న ప్రశ్న కన్నా, ఏది చేతిలో తక్కువ కదులుతుంది అన్న ప్రశ్న ముఖ్యమైనది.

రెండు పిస్తోళ్ళ పోలిక

వాల్టర్ జి.ఎస్.పి. 1960ల చివరలో వెలువడింది. దశాబ్దాల పాటు ప్రపంచమంతటా పోటీలలో కనిపించిన పిస్తోలు ఇది. ఇదే కంపెనీ తరువాతి కాలంలో ఎస్.ఎస్.పి., జి.ఎస్.పి.500 అనే నమూనాలను కూడా తెచ్చింది. పర్దీని ఎస్.పి.ని ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో లీదో ది కమయోరె అనే ఊరిలో తయారుచేస్తారు.

రెండింటికీ పోలికలు చాలా ఉన్నాయి. రెండింటిలోనూ మేగజీన్ పిడిలో కాక ట్రిగ్గర్‌కు ముందు ఉంటుంది. అందులో అయిదు తూటాలు పడతాయి. దీని వల్ల రెండు లాభాలున్నాయి. బరువు ముందుకు చేరి చేయి నిలకడగా ఉంటుంది. పిడిలో మేగజీన్ లేదు కాబట్టి దానిని అరచేతి ఆకారానికి తగినట్లు చెక్కుకోవచ్చు. రెండింటిలోనూ బారెల్ కదలదు; బోల్టు మాత్రమే లోపల ముందుకు వెనక్కి జరుగుతుంది. రెండింటికీ .32 తూటా వాడే రూపాలు కూడా ఉన్నాయి. సెంటర్ ఫైర్ పోటీలో ఈ .32 తూటా, ముందు భాగం చదునుగా ఉండే వాడ్‌కట్టర్ గుండుతో వాడుకలో ఉంది.

తేడాలు తక్కువే అయినా గమనించదగినవి. పర్దీనిలో బారెల్ చేతికి బాగా దగ్గరగా, క్రిందుగా అమరి ఉంటుంది. అందువలన పేలినపుడు మూతి పైకి లేవడం తగ్గి, మూడు సెకన్ల రాపిడ్ దశలో సైటులు త్వరగా స్థిరపడతాయి. జి.ఎస్.పి. ముందు భాగం పెట్టె ఆకారంలో బరువుగా తోస్తుంది. నెమ్మదిగా కాల్చే ప్రెసిషన్ దశలో కొందరికి ఇది అనుకూలం. జి.ఎస్.పి. ట్రిగ్గర్ యంత్రాంగం మొత్తాన్ని ఒకే భాగంగా విడదీసి శుభ్రం చేయవచ్చు. ఇందులో ఏది మేలు అన్నదానికి అందరికీ వర్తించే సమాధానం లేదు.

ఎంపికలో చూడవలసిన అంశాలు

పిడి: ఇది మొదటి అంశం. కళ్ళు మూసుకొని పిస్తోలును లక్ష్యం వైపు ఎత్తి, కళ్ళు తెరచినపుడు సైటులు వరుసలో ఉంటే పిడి చేతికి సరిపోయినట్లు. మణికట్టును వంచి సరిచేసుకోవలసి వస్తే ఆ పిడి కోణం కుదరలేదని అర్థం. పిడులు చిన్న, మధ్య, పెద్ద పరిమాణాలలోను, ఎడమ చేతివాటం వారికి వేరుగాను దొరుకుతాయి. కొద్దిపాటి తేడాలను చెక్కపొడి కలిపిన పుట్టీతో సరిచేసుకుంటారు.

ట్రిగ్గర్: 1,000 గ్రాముల పరిమితి రెండింటికీ ఒకటే. చూడవలసినది ఆ బరువు వేలికి ఎలా తెలుస్తున్నది అన్నది. మొదటి కొంత దూరం తేలికగా కదిలి, తరువాత ఆగి, స్పష్టంగా విడిపోయే ట్రిగ్గర్‌ను చాలామంది ఇష్టపడతారు. ట్రిగ్గర్ బ్లేడును ముందుకు వెనక్కి జరుపుకొనే వీలు ఉండాలి.

తూటాలతో పొందిక: శిక్షణ కేంద్రంలో నిత్యం దొరికే తూటాలతోనే రెండు పిస్తోళ్ళనూ పరీక్షించాలి. అరుదుగా దొరికే ఖరీదైన తూటాతో వచ్చిన ఫలితాన్ని చూసి నిర్ణయించుకోరాదు. ఇరుక్కోకుండా పనిచేయడం కూడా కచ్చితత్వంలో భాగమే. తూటా పేలకపోయినా, తొడుగు ఇరుక్కున్నా, అది క్రీడాకారుని తప్పు కాకపోతే నియమాలు ఆ వరుసను పూర్తిచేసే అవకాశం ఇస్తాయి. మేగజీన్ సరిగా పెట్టకపోవడం, తూటా నింపడం మరచిపోవడం, ట్రిగ్గర్‌ను పూర్తిగా వదలకపోవడం వంటివి మాత్రం క్రీడాకారుని తప్పులుగానే లెక్కిస్తారు. అపుడు కాల్చని దెబ్బలకు సున్నాలే.

మరమ్మతు: విడిభాగాలు, మరమ్మతు తెలిసినవారు ఎక్కడ దొరుకుతారు అన్నది తెలుసుకోవాలి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ దీనికి ఉదాహరణ. 10 మీటర్ల ఎయిర్ పిస్తోలు అర్హత పోటీ మధ్యలో మను భాకర్ పిస్తోలు చెడిపోయి, బాగుచేసే లోపు విలువైన సమయం గడిచిపోయింది. ఆమె 575 పాయింట్లతో 12వ స్థానంలో నిలిచి, రెండు పాయింట్ల తేడాతో ఫైనల్‌కు దూరమైనది. అది ఎయిర్ పిస్తోలే అయినా, పాఠం అన్ని పిస్తోళ్ళకూ వర్తిస్తుంది. శిక్షకుడు, తోటి క్రీడాకారులు వాడే నమూనానే ఎంచుకుంటే స్ప్రింగులు, ఫైరింగ్ పిన్నులు, మేగజీన్లు అవసరానికి అందుబాటులో ఉంటాయి.

చట్టం, లైసెన్సు

ఆయుధాల చట్టం, 1959 ప్రకారం .22 పిస్తోలు కలిగి ఉండడానికి లైసెన్సు తప్పనిసరి. ఆయుధాల నియమాలు, 2016 లైసెన్సు విధానాన్ని వివరిస్తాయి. 2019 చట్ట సవరణ సాధారణ లైసెన్సుదారుకు రెండు తుపాకుల పరిమితి విధించింది. గురి క్రీడాకారులకు ప్రత్యేక మినహాయింపులు ఉన్నాయి. పోలీసు కమీషనరు ఉన్న ప్రాంతంలో ఈ చట్టం దృష్టిలో ఆయనే జిల్లా మేజిస్ట్రేటు. జనగామ జిల్లా వరంగల్లు పోలీసు కమీషనరేటు పరిధిలో ఉన్నది. మహబూబాబాదు, భూపాలపల్లి ఆ పరిధిలోకి రావు కనుక అక్కడ జిల్లా మేజిస్ట్రేటు అంటే కలెక్టరే.

21 ఏళ్ళు నిండనివారు తుపాకీ కలిగి ఉండరాదు. అయితే శిక్షణలో భాగంగా, నియమాలు అనుమతించిన మేరకు ఉపయోగించవచ్చు. 4.5 మి.మీ. ఎయిర్ పిస్తోలు శక్తి 20 జౌళ్ళ లోపు ఉంటే లైసెన్సు అవసరం లేదు. అందుకే చాలామంది 10 మీటర్ల ఎయిర్ పిస్తోలుతో ఆరంభిస్తారు.

విదేశీ పిస్తోలును దిగుమతి చేసుకొనడానికి క్రీడాకారుని స్థాయిని బట్టి అనుమతులు, 1951లో ఏర్పడిన భారత జాతీయ రైఫిల్ సంఘం (ఎన్.ఆర్.ఎ.ఐ.) సిఫారసు అవసరమవుతాయి. కొన్న పిస్తోలు నచ్చకపోతే దుకాణంలో తిరిగి ఇచ్చి మార్చుకొనే వస్తువు కాదిది. లైసెన్సు ఉన్న మరొకరికి మాత్రమే, అధికారులకు తెలిపి బదిలీ చేయాలి. కాబట్టి తొందరపాటు ఎంపిక వల్ల డబ్బుతో పాటు సాధన చేయవలసిన నెలల కాలం కూడా వృథా అవుతుంది.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల పరిస్థితి

ఈ మూడు జిల్లాలూ 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. జనగామ సికింద్రాబాదు - కాజీపేట రైలు మార్గంలోను, మహబూబాబాదు కాజీపేట - డోర్నకల్లు మార్గంలోను ఉన్నాయి. సింగరేణి బొగ్గు గనుల పట్టణమైన భూపాలపల్లికి రైలు లేదు. పరకాల మీదుగా రోడ్డు మార్గంలో వరంగల్లు చేరాలి. రాష్ట్రంలో ప్రధానమైన షూటింగ్ రేంజి హైదరాబాదులో, కేంద్రీయ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉన్నది.

జనగామ నుండి ఉదయం రైలెక్కి సాయంత్రానికి తిరిగి రావడం సాధ్యమే. భూపాలపల్లి నుండి వచ్చేవారికి ఒక్కరోజు సాధనకు రెండు రోజులు పడుతుంది. అంత దూరం వచ్చిన రోజున పిస్తోలు మొరాయిస్తే ఆ ప్రయాణమంతా వృథా. కనుక వీరికి నమ్మకంగా పనిచేయడం, సులభంగా శుభ్రం చేసుకొనే వీలు, అన్ని రకాల తూటాలను సహించే గుణం మిగిలిన వాటికన్నా ముఖ్యం. ఇంటి వద్ద తూటా లేకుండా చేసే ఖాళీ సాధన వీరి సాధనలో పెద్ద భాగం. .22 పిస్తోలులో ఖాళీగా ట్రిగ్గర్ నొక్కితే ఫైరింగ్ పిన్ను గది అంచుకు తగిలి దెబ్బతినవచ్చు. అందువలన ఖాళీ సాధనకు తగిన ఏర్పాటు ఉన్నదో లేదో తయారీదారు సూచనలలో చూసుకోవాలి.

ఈ కారణాల వల్ల అనుసరించదగిన వరుస ఇది. మొదట ఎయిర్ పిస్తోలుతో పట్టు, ట్రిగ్గర్ నేర్చుకోవాలి. తరువాత క్లబ్బు పిస్తోళ్ళతో 25 మీటర్ల సాధన చేయాలి. రెండు నమూనాలతోనూ, ఒకే రకం తూటాలతో, వేరు వేరు రోజులలో రెండు దశలూ కాల్చి, పాయింట్లతో పాటు ఎన్నిసార్లు ఇరుక్కున్నదో కూడా పుస్తకంలో వ్రాసుకోవాలి. పాయింట్లు దాదాపు సమానమైతే తక్కువసార్లు ఇరుక్కున్నదానిని, అదీ సమానమైతే మరమ్మతు దగ్గరగా దొరికేదానిని ఎంచుకోవడం మేలు.

భద్రత

ప్రతి పిస్తోలునూ తూటా ఉన్నదనే భావించి పట్టుకోవాలి. మూతి ఎల్లప్పుడూ లక్ష్యం వైపే ఉండాలి. రేంజిలో కాల్చనపుడు గది ఖాళీగా ఉన్నదని చూపే నారింజ రంగు భద్రతా జెండాను పెట్టాలి. పిస్తోలు మొరాయిస్తే దానిని క్రిందికి, లక్ష్యం వైపే ఉంచి, రెండవ చేయి ఎత్తి అధికారిని పిలవాలి. ప్రయాణంలో పిస్తోలును ఖాళీ చేసి తాళం వేసిన పెట్టెలోను, తూటాలను వేరుగాను ఉంచి, లైసెన్సును వెంట తీసుకొని వెళ్ళాలి. ఇంట్లో పిల్లలకు అందని చోట తాళం వేసి ఉంచాలి. ఖాళీ సాధన చేసే గదిలో తూటాలు అసలు ఉండకూడదు.

ఇవి కూడా చూడండి

* గగన్ నారంగ్
* ఈషా సింగ్
* ఆయుధాల చట్టం, 1959
* జనగామ జిల్లా
* మహబూబాబాదు జిల్లా
* జయశంకర్ భూపాలపల్లి జిల్లా